ఉప్పుగదిలో మూడు గింజలు

చీమలు దొప్ప కిందికి వెళ్తున్నాయి.

అప్పలనర్సమ్మ చీపురు చేతిలో ఉండగానే గడప మీద కూలబడి వాటినే చూస్తోంది. బయట ఇంకా మంచు విడలేదు, గదిలో మూలలన్నీ మసగ్గా ఉన్నాయి, అయినా చీమల బారు మాత్రం ఎవరో నల్లదారంతో నేలను కుట్టుకుంటూ పోయినట్టు తెలుస్తూనే ఉంది. పడమటి గోడ కింద బయల్దేరి, రాత్రి తను పెట్టిన బెల్లం ముక్కను చుట్టుకుని, అక్కడితో ఆగితే ఎవరికీ నష్టం లేదు, ఆగకుండా పక్కకు తిరిగి, గది నడిమధ్య బోర్లించిన అడ్డాకు దొప్ప అంచు కిందికి దూరుతున్నాయి. దొప్ప కింద మూడు బియ్యపు గింజలున్నాయి. నిన్న సాయంత్రం కనక పెట్టింది. ఒకదానికొకటి ఆనుకునేలా, మూడు మొనలూ ఒక్కచోట కలిసేలా పెట్టి, పైన దొప్ప బోర్లించి, తెల్లారి తనూ మొగుడూ వచ్చి తీసి చూస్తామంది. గింజలు పెట్టినవి పెట్టినట్టే ఉంటే ఈ గదిలోకి అద్దెకు దిగుతారు, చెదిరితే దిగరు. కొండమీద వాళ్ళు ఏ కొత్త చోట పొయ్యి పెట్టాలన్నా ముందు ఇలాగే అడుగుతారట. ఒకటి కనక మొగుడు సోంబరుది, ఒకటి కనకది, మూడోది కనక కడుపులో ఉన్నదానిది అని అప్పలనర్సమ్మ తనంతట తానే అనుకుంది. అడగలేదు.

వాళ్ళు దిగకపోతే బండి వస్తుంది. దిగినా వస్తుంది, కాని దిగితే ఖాళీగా వెళ్తుంది. మరిది కొండబాబు మంచివాడే, అన్న పోయిన నాటి నుంచీ కోటకి వచ్చెయ్యమని పిలుస్తూనే ఉన్నాడు, శృంగవరపుకోటలో అతనిల్లు కూడా చిన్నదేం కాదు, వసారా పక్కన ఓ గది తనకని సున్నం కొట్టించి ఉంచాడు. "ఒక్కర్తివీ ఆ కొండల్లో ఏటి సేత్తావొదినా, పులొచ్చి తలుపు తడితే తీత్తావేటి" అని నవ్వించి మరీ పిలుస్తాడు. పోయిన సంతకు పైకి వచ్చినప్పుడు ఇద్దరూ ఒక మాటకొచ్చారు. వచ్చే సంత నాటికి నమ్మకమైన మనుషులెవరైనా ఇంట్లో అద్దెకు దిగితే ఆమె ఇక్కడే ఉంటుంది, దిగకపోతే మారుమాటాడకుండా బండెక్కుతుంది. ఈవేళే సంత. ఘాటీ మలుపుల్లో ఎక్కడో ఆ ఎడ్లు ఇప్పటికే రొప్పుతూ ఎక్కుతుంటాయి, పాపం, వాటికేం తెలుసు ఏం దించడానికి ఎక్కుతున్నాయో.

చీపురుతో ఒక్కసారి ఊడిస్తే చీమలు పోతాయి, కాని చీమలతో దొప్పా కదులుతుంది. పసుపు చల్లితే? పసుపు చల్లితే తెలిసిపోతుంది. ఎర్రటి నేల మీద పసుపు దాగుతుందా? ఈ నేల తనే అలికింది, పుట్టమన్ను తెచ్చి, పేడ కలిపి, మోకాళ్ళు నొప్పులు పుట్టేలా రెండు పూటలు అలికింది, ఇంత నున్నగా అలకకపోయినా బాగుండును, చీమలకు కాస్త అడ్డం తగిలేది. అయినా తప్పంతా ఆ బెల్లం ముక్కది. బెల్లం ముక్కది కాదు, తనది. తనది కూడా కాదేమో, ఆయనది.

నిన్న కనక ఈ గదిలోకి వచ్చి కప్పు వైపు చూడలేదు, తలుపు గడియ చూడలేదు, నేల మీద అరచెయ్యి ఆన్చి జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచింది. అప్పలనర్సమ్మ ఊరుకోలేక లోపమేదో ముందే చెప్పేసింది, ఇది ఉప్పు నిలవేసిన గది, వానాకాలం గోడలు చెమరుస్తాయి, తర్వాత నన్ననకండి అని. కనక లేచి గోడ మీద వేలు రాసి నాలిక మీద పెట్టుకుని నవ్వింది. "ఉప్పు కొనక్కర్నేదు," అంది మొగుడితో. సోంబరు నవ్వలేదు, అతను తొందరగా నవ్వే మనిషి కాదు. ఆ తర్వాతే కొంగుముడి విప్పి గింజలు తీసింది.

"ఏటే గుంటా అది?"

"అడుగుతన్నాం."

"ఎవుర్ని?"

"ఈ ఇంటోడ్ని."

"ఇంటోడు పోనాడు కదే. ఈ గదిలోనే కదా పోనాడు."

"పోతే ఏటి?" అంది కనక, దొప్ప అంచులు సర్దుతూ. "మడిసి పోతాడు గానీ ఇల్లొగ్గీసి పోతాడేటి?"

ఆ మాట అప్పలనర్సమ్మను రాత్రంతా పడుకోనివ్వలేదు. పడుకోనివ్వకపోవడమంటే బాధపెట్టి కాదు, మెత్తగా, చంటిపిల్ల పక్కలో దొర్లుతూ నిద్రపోనివ్వనట్టు. అయితే ఆయన ఇక్కడే ఉన్నాడన్నమాట, వాళ్ళు ఆయన్ని అడుగుతున్నారన్నమాట, తెల్లారేలోగా ఆయన ఔనో కాదో చెప్పాలన్నమాట. తన మొగుడు వరహాలు ఏ మాటైనా ఖాళీ కడుపుతో చెప్పిన మనిషేనా? పెళ్ళైన కొత్తలోనే తెలుసుకుందామె ఆ సంగతి. పుట్టింటికి పంపమని అడగాలన్నా, కొత్త చీర అడగాలన్నా, ముందు అన్నం పెట్టి, అన్నమయ్యాక బొటనవేలంత బెల్లం ముక్క చేతిలో పెట్టాలి. అది చప్పరిస్తూ కళ్ళు సగం మూసి "ఊఁ, సెప్పు" అనేవాడు. ఆ ఊఁలో సగం ఔను అప్పుడే వచ్చేసేది. అలాంటి మనిషిని ఎవరో ఊరూ పేరూ తెలియని వాళ్ళు మూడు వట్టి గింజలు పెట్టి అడిగితే ఏం చెప్తాడు? మూడు గింజలు ఏ మూలకి? పిచ్చుకక్కూడా చాలవు. అందుకని లేచి, దీపం కూడా వెలిగించకుండా, ఉట్టి మీద గిన్నెలోంచి బెల్లం ముక్క తీసి, తడుముకుంటూ వచ్చి, దొప్పకు తగలకుండా గోడవారగా పెట్టింది. పెట్టి, వినపడీ వినపడకుండా, "ఇదిగో, మంచోళ్ళలాగే ఉన్నారు, ఆలోసించి సెప్పు" అంది. అప్పుడు హాయిగా అనిపించింది. చీమల సంగతి ఆ క్షణంలో ఎవరికి గుర్తుంటుంది, చచ్చిపోయిన మొగుడితో మాట్లాడేటప్పుడు చీమలు గుర్తొస్తాయా ఎవరికైనా?

దొప్ప కొద్దిగా కదిలిందా? లేదు, గాలికి. గాలి కూడా లేదు. తన కన్నే అదిరింది.

ఈ గది నిండా ఉప్పు ఉండేది. భీమిలి వైపు నుంచి కోటకు, కోట నుంచి ఘాటీ మీదుగా ఇక్కడికి, ఇక్కడి నుంచి వీపున బస్తాలు మోసే పెరికెడ్ల మీద లోపలి సంతలకు. కోమటి కొట్లో పుట్టినవాడు కాదు ఆయన, పొలం లేని కాపు, ఎడ్లే ఆయన పొలం. మొదటిసారి తనను కొండెక్కించిన రోజు దారంతా ఎడ్ల మెడల్లో గంటలు, కుడివైపు లోయ, లోయ నిండా పాలు పోసినట్టు మంచు, తనకు కళ్ళు తిరిగి, "నానిక్కడ ఉండను బాబో, కిందికి దించీండి" అని ఏడిస్తే, ఆయన ఎద్దు మీది సంచిలోంచి చిటికెడు ఉప్పు తీసి తన నాలిక మీద వేసి, "సముద్రం ఇక్కడిదాకా వచ్చీసింది, నువ్వు రాలేవేటి" అన్నాడు. పైకొచ్చి మలుపు తిరగ్గానే ఎదురుగా వలిసె చేలు, ఎంత దూరం చూసినా పచ్చటి పసుపు, ఎవరో పెళ్ళికూతురికి నలుగు పెట్టి ఆ చేతులు కొండలకు తుడుచుకున్నట్టు. అప్పుడు ఏడుపు ఆగిపోయింది. అప్పుడు తనకు ఎన్నేళ్ళు, పదిహేనో పదహారో. ఇప్పుడు ఆ కొండల్ని చూడకుండా పళ్ళు తోముకోవడం కూడా రాదు తనకు. కోటలో మరిదింటి పెరట్లో నిలబడితే ఎదురుగా పక్కింటి గోడ కనిపిస్తుంది, మంచి గోడే, ఇటికల గోడ.

ఇల్లు కట్టిన చోటు ఈ కొండ ఊళ్ళ మీద పెత్తనం చేసే ముఠాదారు ఇచ్చింది. బస్తా ఉప్పూ, ఒక పంచె చాపూ పెట్టి ఆయన అడిగితే, ముసలాయన ఉప్పు తీసుకుని పంచె తిరిగిచ్చి, నేల చూపించి ఒక్క మాటన్నాడు. పొయ్యి వెలిగినన్నాళ్ళు నీది, ఆరితే ఊరిది. రాతా కోతా లేదు, అంతే. ఆ మాట విని ఆయన నవ్వుతూ ఇంటికొచ్చి, "ఒసే నర్సా, మన పట్టా నీ పొయ్యిలో ఉంది, ఆర్పకు" అన్నాడు. ఆర్పలేదు. ఆయన మన్యం జ్వరంతో ఈ గదిలో, ఇక్కడే, ఈ దొప్ప ఉన్నచోటే మంచం మీద వణికిన రోజుల్లో కూడా ఆర్పలేదు. కొండవాళ్ళు తిరగబడ్డ ఆ పితూరీ రోజుల్లో పోలీసులు తిరుగుతున్నారని ఊరంతా దీపాలు దాచుకున్నప్పుడూ పొయ్యిలో నిప్పు బూడిద కింద దాచుకుని ఉంచింది. తను కొండబాబు బండెక్కితే ఆరేది ఆ పొయ్యే. ఇల్లమ్ముదామన్నా ఎవరూ కొనరు, నేల అమ్మడానికి తనది కాదు, తాళం వేసి పోతే రెండు వానలకు కప్పు కూలి, చెదలు పట్టి, వలిసె మొలుస్తుంది ఇక్కడ.

అద్దెకిద్దామన్న ఆలోచన ఎప్పుడొచ్చింది? ఎవరూ చెప్పలేదు. సంత రోజున దిగువ నుంచి వచ్చేవాళ్ళు రాత్రికి అరుగు మీద పడుకునేవారు, ఆయనున్నప్పుడూ పడుకునేవారు, ఎవరూ ఏమీ ఇచ్చేవారు కాదు, ఎవరూ అడిగేవారు కాదు. ఆయన పోయాక గాజుల చిట్టెమ్మ ఓ రాత్రి పడుకుని, తెల్లారి వెళ్తూ వెళ్తూ మలారంలోంచి గాజులు తీయబోయి, నాలిక కరుచుకుని, అప్పలనర్సమ్మ బోసి చేతులు చూసి, గాజులు మళ్ళీ లోపల పెట్టేసి ఎండుచేపల కట్ట ఒకటి అరుగు మీద పెట్టింది. "ఊరికే పడుకుంటే నిద్దర పట్టదమ్మా, ఇది ఉంచు," అంది. ఆ చేపలు పొయ్యి మీద కాలుతుంటే, ఆ వాసనకి, ఎందుకో తెలియదు, ఆయన పోయిన తర్వాత మొదటిసారి ఆకలేసింది. తన అరుగు తనకు కూర పెట్టింది. ఇల్లు కూడా సంపాదిస్తుంది. ఎడ్లు లేకపోయినా, ఆయన లేకపోయినా, కొండెక్కి దిగే కాళ్ళు తనకు లేకపోయినా, ఇల్లు కూచున్నచోటే కూచుని సంపాదిస్తుంది. అరుగు ఒక రాత్రికి చేపలు పెడితే, గది నెలకి ఏం పెట్టదు?

అప్పటి నుంచి ఈ గదిని చూసే చూపే మారిపోయింది. అంతవరకు ఇది ఆయన పోయిన గది, గొళ్ళెం పెట్టి ఉంచిన గది, పొద్దున్నే అటు చూడకుండా పొయ్యి దగ్గరకు పోయే గది. ఆ రోజు తలుపు తీసి, గోడల మీద తెల్లగా పూసిన ఉప్పును గరిటెతో గీకుతుంటే నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, ఇదేదో తద్దినమో పెళ్ళో తెలియకుండా పోయింది. ఒక మేకు కొట్టింది, వచ్చేవాళ్ళు బట్ట తగిలించుకోవడానికి. కొట్టాక అనుకుంది, వాళ్ళు పొట్టివాళ్ళయితే? కిందికి ఇంకోటి కొట్టింది. వచ్చేవాళ్ళెవరో తెలియకుండానే వాళ్ళ పొయ్యి ఏ పక్కనుంటే పొగ తన వైపు రాదో, పెరట్లో పనసచెట్టు కాయల్లో వాళ్ళకి ఎన్నివ్వాలో, వాళ్ళు వండే మాంసమేదైనా తను ముట్టనిదైతే ఆ గిన్నెలు ఎక్కడ కడుక్కోమనాలో, ఇదంతా నడుచుకుంటూ, నీళ్ళు మోసుకుంటూ, తలలో ఇల్లు కట్టినట్టు కట్టుకుంది. మాంసం సంగతి రెండు రోజులు ఆలోచించింది. చివరికి కట్టె పొయ్యి మీద అన్నీ కాలుతాయి, ముక్కు మూసుకుంటే పోతుంది, అనుకుంది.

అడగడానికి మనుషులు రాలేదని కాదు. కింది నుంచి ఓ ధాన్యం షావుకారు వచ్చి గదంతా కొలిచి, చింతపండు బస్తాలు వేసుకుంటానన్నాడు, ఇప్పుడు సోంబరు వాళ్ళిస్తామన్నదానికి రెండింతలిస్తానన్నాడు. కొండబాబుకీ ఆ బేరం నచ్చును. తనే వద్దంది. ఎందుకో అప్పుడు చెప్పలేకపోయింది, బస్తాలు దగ్గుతాయా, బస్తాలు రాత్రి లేచి నీళ్ళు తాగుతాయా, "అమ్మా, కొంచెం నిప్పివ్వు" అంటాయా? గదికి అద్దె కాదు కావలసింది అని అప్పుడు తెలిసింది. అడవి శాఖలో ఓ చిన్న నౌకరు అడిగాడు, అతని కళ్ళు గది కంటే తన వైపే ఎక్కువ చూశాయి, అతనికి కప్పు కారుతుందని చెప్పింది, కారదు.

ఆ తర్వాత సోంబరు. తపాలా సంచి మోసేవాడు, ఈటె చివర గజ్జెలు కట్టుకుని పరిగెత్తేవాడు, తన ఇంటి ముందునుంచే ఎన్నిసార్లు పరిగెత్తి ఉంటాడో, ఎప్పుడూ ఆగలేదు. ఓ రోజు ఆగాడు. కనకను అవతలి కొండ ఊరినుంచి లేవదీసుకొచ్చాడట, తండ్రి ఒప్పుకోలేదట, పెద్దలు కూచుని పిల్ల తండ్రికివ్వాల్సిన ఓలి సంగతి తేల్చేదాకా అతని ఊళ్ళో పొయ్యి పెట్టకూడదట, తపాలా దారికి దగ్గరగా ఓ గది కావాలి. అద్దె అన్న మాట వాళ్ళకి తెలియలేదు, చెప్తే కనక ముఖం చిట్లించింది.

"ఇంటికి కూలా?" అంది. "ఇల్లు ఏ పని సేత్తాదని కూలి?"

అప్పలనర్సమ్మ గోడను అరచేత్తో తట్టింది. "నిలబడతాది కదే, రాత్రీ పగలూ," అంది. "నువ్వు నిలబడి సూడు తెలుస్తాది." కనక ఆలోచించి, అది న్యాయమేనంది. నెలకి కుంచెడు చోళ్ళు, అడవికెళ్ళిన రోజు ఓ కట్టెల మోపు. బేరమైపోయిన క్షణంలో అప్పలనర్సమ్మకు ఆ సంగతి తట్టింది. తను ఇచ్చేది, వాళ్ళు పుచ్చుకునేది. ఎవరికైనా ఏదైనా ఇవ్వగలిగిన స్థితిలో తను ఎప్పుడుంది? ఉప్పు కొలిచింది ఆయన, ఇల్లు కట్టింది ఆయన, ఆఖరికి అన్నం పెట్టేటప్పుడు కూడా ఆయన తెచ్చిందే కదా తను వడ్డించింది.

చీమలు ఇంకా వెళ్తున్నాయి. వెళ్ళినవి వెనక్కి కూడా వస్తున్నాయి. వెనక్కి వచ్చేవి ఏమైనా మోసుకొస్తున్నాయా? ఒంగి చూసింది. ఖాళీగానే వస్తున్నాయి. అమ్మయ్య. కాదు, అటువైపునుంచి పోతున్నాయేమో, దొప్పకి అవతలి అంచు ఇక్కడికి కనిపించదు. ఒక్కసారి ఎత్తి చూస్తే? ఎవరూ లేరు. మంచు ఇంకా అలాగే ఉంది. ఎత్తి, చెదిరితే సర్ది, చీమల్ని దులిపి, మళ్ళీ బోర్లిస్తే, అయిపోయింది, గది వాళ్ళది, పొయ్యి తనది. చెయ్యి చాచింది కూడా. ఆకు అంచు వేలికి తగిలింది, చల్లగా, తడిగా. అప్పుడు అత్తగారు గుర్తొచ్చింది. కొత్తకోడలిగా పెరుగు తోడుపెట్టి, తోడుకుందో లేదోనని రాత్రంతా లేచి లేచి గిన్నె మూత తీసి చూస్తే, తెల్లారి పాలు పాలుగానే ఉన్నాయి, అత్తగారు తిట్టలేదు, జాలిగా చూసి, "తోడుకునేదాన్ని సూడకూడదే పిల్లా, అది సిగ్గుపడతాది" అంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

తీసుకుని, తన మనసు లోపలికి తొంగిచూసుకుంటే అక్కడ ఇంకోటి కనిపించింది. ఆయన కాదంటే బాగుండునని కూడా ఉంది. చిన్నగా, ఓ మూల, అయినా ఉంది. ఈ గదిలో ఇంకా ఆయన వాసన ఉంది, ఉప్పూ, చుట్ట పొగా, ఎద్దు వాసనా కలిసినది, రేపటి నుంచి ఇక్కడ ఇప్పసారా వాసన, పసిబిడ్డ ఉచ్చ వాసన వస్తుంది. ఆయన మంచం వేసిన చోట ఇంకొక జంట పడుకుంటుంది, నవ్వుకుంటారు, గోడకి ఇవతల తను వింటుంది. "వద్దు నర్సా, నా గది ఎవరికీ ఇవ్వకు," అంటే ఆ మాట పట్టుకుని ఏడుస్తూ బండెక్కొచ్చు. అయ్యో, వద్దు. ఆ ఇటికల గోడ వద్దు. ఊఁ అను. నీకు బెల్లం పెట్టాను కదా. చీమలకి పోయినా పెట్టింది నీకే కదా. ఊఁ అను.

గజ్జెలు వినిపించాయి. పరిగెత్తే గజ్జెలు కాదు, నడిచే గజ్జెలు. మంచులోంచి ముందు ఈటె, తర్వాత సోంబరు తల, తర్వాత నెత్తిమీద కుండా, చంకన మూటా పెట్టుకుని కనక వచ్చారు. తమకున్నదంతా పట్టుకునే వచ్చారు, తిరిగి వెళ్ళడానికి చోటు లేనివాళ్ళలా. అప్పలనర్సమ్మ లేచి, చీపురు వెనక దాచుకుని, పక్కకు జరిగింది. కనక కుండ అరుగు మీద దించి, గడప లోపలికి వచ్చి, నేల చూసింది. చీమల్ని చూసింది, గోడవార నల్లగా కమ్ముకున్న బెల్లం ముక్కనూ చూసింది. సోంబరు ఈటె బయట ఆన్చి, గడప దాటకుండానే, "తియ్యి" అన్నాడు.

కనక రెండు చేతులా దొప్ప ఎత్తింది.

రెండు గింజలు పెట్టినచోటే, ఒకదాని మీద ఒకటి తల ఆన్చి పడుకున్నట్టు ఉన్నాయి. మూడోది లేదు. తర్వాత కనిపించింది, కొంచెం అవతల. మూడో గింజ నడుస్తోంది. చీమలు గుంపుగా చేరి దాన్ని పల్లకీలా ఎత్తుకుని, వంకరటింకరగా, కాని మానకుండా, వీధి గుమ్మం వైపు మోసుకుపోతున్నాయి.

"నాయి," అన్నాడు సోంబరు, కాదని. "నాయి, నాయి. ఎల్పోతంది."

అప్పలనర్సమ్మ కంగారుగా ముందుకొచ్చింది. "అయ్యో, సంటిగుంటదే కదా తల్లీ అది? సంటిదానికేటవుతాదే?"

కనక తలెత్తి చూసింది. "సంటిది ఇంకా పుట్టనేదు కదమ్మా. పుట్టనోళ్ళకి గింజెట్టరు. ఇది నీది."

"నాదా?"

"నీదే. మేమిద్దరం, నువ్వొకర్తివి. ముగ్గురం ఒక కప్పు కింద కుదురుతామా నేదా అని అడగొద్దేటి? మేం దిగేక నువ్వు ఎల్పోతే మాకేటి దారి?"

రాత్రంతా ఆయన వీళ్ళకి ఒప్పుకుంటాడా లేదా అనే ఆలోచించింది తను. తన గింజ కూడా అందులో ఉందని అనుకోలేదు. తన గురించి ఎవరైనా అడుగుతారని అనుకోలేదు. అయ్య ఇచ్చాడు, వెళ్ళింది, ఆయన కొండెక్కించాడు, ఎక్కింది, మరిది దించుతానంటే, ఎవరైనా వస్తే ఉంటాను, రాకపోతే దిగుతానంది, అంతే గాని ఉంటావా నర్సా, నీకు ఉండాలనుందా అని ఎవరూ అడగలేదు, తనను తను కూడా అడగలేదు. అడిగింది ఈ కొండపిల్ల. అడిగితే వచ్చిన జవాబు చీమల నెత్తికెక్కి గుమ్మం దాటబోతోంది.

"బండొస్తాదని సంతదారిలో అంతన్నారు," అన్నాడు సోంబరు, కోపంగా కాదు, దిగులుగా. "నువ్వు కిందకెల్పోతావంట. గింజ ఉన్నమాటే సెప్తాది. పద కనకా."

"ఎవురెల్పోతన్నారు?" ఆ గొంతు తనదేనా అనిపించింది అప్పలనర్సమ్మకు. "ఎవురో అంటే ఎల్పోడమేనా? నానెక్కడికీ ఎల్నురా! బెల్లం నానెట్టేను. రాత్రి ఆయనకని నానే బెల్లమెట్టేను. ఆ సీమలు బెల్లానికొచ్చినవి గానీ నన్ను మొయ్యడానికి కాదు!" అంటూనే చీపురు అవతల పారేసి, ఒంగి, చీమల నోట్లోంచి గింజను రెండు వేళ్ళతో లాక్కుంది. చీమలు కుట్టాయి. కుట్టనీ. గింజను కనక అరచేతిలో పెట్టి, "ఇదిగో. నాది నాకాడే ఉంది," అంది, రొప్పుతూ.

కనక గింజను చూసి, బెల్లాన్ని చూసి, అప్పలనర్సమ్మ ముఖం చూసి, నవ్వాపుకోలేక పొట్ట పట్టుకుని గోడకి జారిపోయింది. "లంచమిచ్చీసేవా అమ్మా? మేం అడుగుతుంటే ఎనకాల నుంచి నువ్వు లంచమిచ్చీసేవా?"

"ఆయనకి తీపంటే ఇష్టమే," అంది అప్పలనర్సమ్మ, చిన్నపిల్లలా.

"అయితే ఇది సెల్లదు," అన్నాడు సోంబరు. అతని ముఖం కూడా కాస్త సడలింది. "రాత్రికి మళ్ళీ అడగాల. ఈపాలి బెల్లం ఎట్టకు."

"ఎట్టను. మరి రాత్రిదాకా?"

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. కుండ, మూట, ఈటె, అంతే వాళ్ళ సంసారం, మంచులో తడుస్తోంది.

"అరుగుంది కదా," అంది అప్పలనర్సమ్మ.

"అరుక్కీ కూలుందేటి?" అంది కనక, కళ్ళు తుడుచుకుంటూ.

"ఎందుకుండదు? బేగెళ్ళి గెడ్డలోంచి కుండెడు నీళ్ళట్రా. నువ్వు కాదు, వొట్టి మడిసివి కాదు. మీ ఆయన్ని పంపు."

సోంబరు ఈటె అక్కడే ఉంచి కుండ అందుకున్నాడు. కనక అరుగు చివర, పొగ ఇంట్లోకి రాని మూల, చెప్పకుండానే అదే మూల చూసుకుని, మూడు రాళ్ళు వెతికి పేర్చింది. అప్పలనర్సమ్మ లోపలికెళ్ళి బూడిద తీసి తన పొయ్యిలోంచి నిప్పుకట్టె ఒకటి తెచ్చి ఆ రాళ్ళ మధ్య పెట్టింది. తడి పుల్లలు వెంటనే అంటుకోలేదు. ఇద్దరూ మోకాళ్ళ మీద కూచుని మార్చి మార్చి ఊదుతుంటే కళ్ళనిండా నీళ్ళు, ఎవరివి పొగ నీళ్ళో ఎవరివి కావో ఎవరూ అడగలేదు. మంట లేచేసరికి మంచు పైకి లేస్తోంది, కింది మలుపు దగ్గర ఎడ్ల గంటలు వినిపిస్తున్నాయి.

కొండబాబు బండి దిగకుండానే కేకేశాడు. "వొదినా! మూటలు కట్టీసేవా?"

"ఎడ్లనిప్పు బాబూ," అంది ఆమె మంట దగ్గర్నుంచి లేవకుండానే. "పొద్దుటేల ఘాటీ ఎక్కొచ్చేవు. కాళ్ళు కడుక్కుని అంబలి తాగు."

అతను బండి దిగి, అరుగు మీది కొత్త మనిషిని చూశాడు, మూడు రాళ్ళను చూశాడు, తెరిచున్న ఉప్పుగది తలుపులోంచి లోపలికి తొంగిచూశాడు. గది ఖాళీగా ఉంది.

"ఎవురూ దిగనేదే మరి?"

"దిగుతారు. రాత్రికి ఇంకోపాలి అడగాల."

"ఎవుర్నడగాల?"

"మీ అన్నని," అంది అప్పలనర్సమ్మ. మండుతున్న పుల్లను ఒకసారి ముందుకు తోసింది. "నన్నూ."

కొండబాబు వెనక్కి తిరిగి, బండి ముందువైపుకెళ్ళి, ఎడ్ల మెడల మీంచి కాడి దించాడు.